మంచుపెట్టె కూడుతో ఒళ్లు తగ్గునా?

గడచిన ఉగాది పండుగకు బెంగుళూరునుండి క్యాతగానచెర్లుకు వచ్చిన ఒక ఆడపిల్ల తన సామానుతోపాటు థర్మాకోలు పెట్టె నొకదానిని మోసికొని వచ్చెను. తమ్ములకు మిఠాయి తెచ్చినదేమోయని ఇంటివారు మూత తీసి చూచిరి. లోపల మంచుతో గడ్డకట్టి ఇటుకలవలె బిగిసియున్న పండ్రెండు అట్టపెట్టెలు కానవచ్చినవి. ఒక్కొక్క పెట్టెపై కంటికింపైన బొమ్మ. బొమ్మ ప్రక్కన ఆంగ్లమున అంకెలు. ఆరు దినముల సెలవునకు దినమునకు రెండు చొప్పున లెక్కవేసి తెచ్చుకొన్న ఆహారమట! ఓళిగల పళ్లెమును ప్రక్కకు నెట్టి, "నా కూడు ఇదేనవ్వా" అని ఆ పిల్ల చెప్పగా, "ఏందే తల్లీ, కూడును రాయి జేసుకోని తెచ్చినావు?" అని అవ్వ నోరు వెళ్లబెట్టెను. నవ్వులాటగా మొదలైన యీ సంగతి మూడవనాటికి నవ్వులాట కాకపోయెను. దేవళము ముందర అందరును చూచుచుండగా ఆ పిల్ల కండ్లు తిరిగి కూలబడెను. వైద్యుడు వచ్చి చూచి, జబ్బేమియు లేదనియు, కడుపున కూడు లేకపోవుటయే కారణమనియు చెప్పెను.

సంబంధము చూడవచ్చినవారు 'పిల్ల కొంచెము లావు' అని పలికి పోయిన నాటినుండి ఆమె పట్టిన దీక్ష యిది. నాలుగు మాసములలో ఏడు కిలోలు తగ్గెనట. నడుమ నెల దినములు పెట్టెలు మానగా అయిదు కిలోలు తిరిగివచ్చెనట. మరల మొదలుపెట్టెనట. ఈ వివరములను మాకు చెప్పినవారు ఆమె తండ్రియే. పేరు వ్రాయవద్దని కోరిరి, వ్రాయము.

తెలుగువారి బడులను గూర్చియు, దరఖాస్తు ఫారముల భాషను గూర్చియు వ్రాయవలసిన పత్రికకు ఒళ్లు తగ్గించుకొను గొడవ యేల యని అడుగువారుందురు. అట్టివారికి సమాధానము ఆ పెట్టెమీదనే యున్నది. ఖాళీయైన పెట్టె నొకదానిని తెప్పించి మా కార్యాలయమున అయిదుగురము కూర్చుండి చదువ బ్రయత్నించితిమి. మాలో ఆంగ్లము చదువనేర్చినవారు ఇరువురు. ఆ యిరువురికిని చీమ తలకాయలంతేసి యక్షరములు కంటికానలేదు. తుదకు ఒకరి మనుమడు సెల్‌ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసి చూపవలసి వచ్చినది. దేశమున అమలునందున్న ఆహారపు లేబుళ్ల నిబంధనల ప్రకారము, తప్పనిసరి వివరములు ఆంగ్లమునగాని దేవనాగరిలిపి హిందీలోగాని యుండిన చాలును. వేరొక భాషను అదనముగ చేర్చుటకు అభ్యంతరము లేదు. చేర్చి తీరవలెనను నిర్బంధమును లేదు. ఇంట తెలుగును, కచేరిలో కన్నడమును మాటాడుచు బ్రదుకు పావగడ తాలూకావాసికి ఆ పెట్టె రెండు విధముల మూగది. ఉప్పెంత, చక్కెర యెంత, నూనె యేదియని తెలియనీయక తినుమనుటయు, దస్తావేజు చదివి వినిపింపక వేలిముద్ర వేయుమనుటయు ఒక్కటియే. ఇది భాషా సమస్య కానిచో మరేది భాషా సమస్యయో మాకు తెలియదు.

ఈ సరుకు పుట్టినిల్లు అమెరికా. 1920 దశకమున క్లారెన్స్ బర్డ్స్ ఐ అను నాతడు చేపలను అతిశీఘ్రముగ గడ్డకట్టించు పద్ధతిని వ్యాపారమునకు తెచ్చెను. 1954 ప్రాంతమున స్వాన్సన్ కంపెనీవారు వండిన భోజనమును అల్యూమినియపు పళ్లెమునందమర్చి 'టి.వి. డిన్నరు' అను పేర విక్రయించిరి. అప్పటికి ఒళ్లు తగ్గు మాటయే లేదు. వంటయింటి చాకిరి తప్పుటయే దాని ఆకర్షణ. 1981లో వచ్చిన 'లీన్ క్విజీన్' పెట్టెలతో కథ మారినది. ఒక్కొక్కటి మూడు వందల కేలరీలకు లోపు అని అట్టమీద అచ్చువేసి అమ్మిరి. 1989లో 'హెల్దీ చాయిస్' వచ్చెను. ఆ కంపెనీ యధిపతికి 1985లో గుండెపోటు రాగా, ఇంట భార్య వండిపెట్టిన పథ్యపు వంటయే ఆ సరుకునకు మూలమని వారే చెప్పుకొందురు. ఇంటి పథ్యము కర్మాగారమున కెక్కి, అట్టపెట్టెలో దూరి, తిరిగి ఇంటికే వెల కట్టుకొని వచ్చిన వైనము చూడుడు!

మా వాదమును మంచుతో కలహముగ ఎవరును భావింపవలదు. సరిగా గడ్డకట్టించిన పచ్చిబఠాణీ నాలుగు దినములు సంతలో వాడిన బఠాణీకంటె మేలు. శూన్యమునకు క్రింద 18 డిగ్రీల సెల్సియస్ చలిలో క్రిములు పెరుగవు. అంతేకాదు, కొలిచిపెట్టిన భోజనమును తినువారు, తామే వడ్డించుకొని తినువారికంటె మొదటి మాసములలో ఎక్కువ బరువు తగ్గుదురని తేల్చిన పరిశోధనలు కలవు. ఆ పిల్లయు తగ్గినది గదా! కావున పెట్టె పనిచేయదని మేము వాదింపము. పనిచేయును, పెట్టె యున్నంతవరకు. తరువాత ఏమగునన్నదే ప్రశ్న. పెట్టె తినువారు నేర్చుకొనునది పెట్టె తెరచుటయే. పప్పు ఎంత వేసికొనవలెను, ఆకుకూర యెంత, ముద్ద యెంత, నూనె యెన్ని చుక్కలు, పెండ్లి విందులో ఎక్కడ చేయి కడిగికొనవలెను అను సంగతులలో ఒక్కటియు అది నేర్పదు. కొలత అట్టలో నుండెను గాని మనిషిలో నుండలేదు. అట్ట పోయిన దినముననే కొలతయు పోయెను. అయిదు కిలోలు తిరిగివచ్చెను.

ఇక ఆకలి మాట. మూడు వందల కేలరీల పెట్టెలు రెండు, నడుమ పాలు తక్కువ టీలు: మొత్తము మీద ఆ పిల్ల దినమంతయు తిన్నది ఏడెనిమిది వందల కేలరీలకు మించదు. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు తార్నాకయందు మన తెలుగుగడ్డమీదనే యున్నది. 1918లో కూనూరున చిన్న బెరిబెరి పరిశోధన శాఖగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. భారతీయుల ఆహారమును గూర్చి ఆ సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములలో, బరువు తగ్గదలచినవారి యాహారము దినమునకు వేయి కేలరీలకు తగ్గరాదనియు, వారమునకు అర కిలో చొప్పున తగ్గుట క్షేమమనియు చెప్పియున్నారు. ఆ వాక్యములు ఏ అట్టపెట్టెపైనను మాకు కానరాలేదు. పెట్టె అమ్మువాడు 'ఇది యొక పూట భోజనము' అనును. దానిని రెండు పూటల సర్వస్వముగ మార్చుకొన్నది కొన్న మనిషి. తప్పు కొన్నవారిదే యని వ్యాపారి తప్పించుకొనవచ్చును. కాని 'ఎంత తక్కువయో చూడుడు' అని అంకెను బొమ్మకంటె పెద్దదిగ అచ్చువేసినవాడు, ఎంతకు తగ్గరాదో చిన్న యక్షరములలోనైన ఏల చెప్పడు?

ఆకలి మనిషిని ఏమి చేయునో ఎనుబదియేండ్ల క్రిందటనే లోకమునకు తెలిసినది. 1944–45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి సమ్మతితో, ఆరు మాసములు అరకడుపున ఉంచెను. వారు తిన్నది మన పెట్టె తినువారికంటె చాల ఎక్కువ. దినమునకు పదునైదు వందల కేలరీలకు పైమాటే. అయినను వారికి కూటి ధ్యాస తప్ప వేరు ధ్యాస లేకపోయెను. వంటల పుస్తకములు చదువుచు కూర్చుండిరి, చలికి వణకిరి, చిరచిరలాడిరి. కట్టడి విడిచిన పిమ్మట ఎంత తిన్నను తనివి తీరక తినిరి. ఆ పిల్ల నెల దినములు మానినపుడు తినినదానిని 'నాలుక చాపల్యము' అని బంధువులు దెప్పిరట. చాపల్యము కాదు, శరీరము తన బాకీ వసూలు చేసికొన్నది.

ఉప్పు సంగతి క్లుప్తముగ. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు పెద్దలకు దినమునకు అయిదు గ్రాముల ఉప్పు మించరాదనిరి. అనగా సోడియము రెండువేల మిల్లీగ్రాములు. పెట్టెపై 'సోడియం' అనియుండును గాని 'ఉప్పు' అని యుండదు. ఆ అంకెను రెండున్నరతో హెచ్చించినచో ఉప్పు తూకము వచ్చును. 700 మిల్లీగ్రాములని యున్నచో, ఆ యొక్క పెట్టెలోనే ఒకటి ముప్పాతిక గ్రాముల ఉప్పు. రెండు పెట్టెలకు మూడున్నర. ఊరగాయ జాడీ ప్రక్కన పెట్టుకొని పెట్టెను మాత్రమే నిందించుట న్యాయమా యని మమ్ములను అడుగవచ్చును. న్యాయము కాదు. కాని ఊరగాయ తినువాడు తాను ఉప్పు తినుచున్నానని ఎరిగియే తినును.

బెంగుళూరున పనిచేయు ఒక యువకుడు మాకు జాబు వ్రాసెను. "అయ్యా, మీరు ఊరిలో కూర్చుండి సంగటి పాట పాడుదురు. మేము నలుగురము ఒక గదిలో అద్దెకున్నాము. పొయ్యి వెలిగింపరాదని ఇంటివారి షరతు. రాత్రి పదింటికి చేరుదుము. హోటలు బిర్యానికంటె ఈ పెట్టె మేలుకాదా?" అని యాతని ప్రశ్న. మేలే. ఆ మాటను దాచము. బిర్యాని పొట్లముతో పోల్చినచో పెట్టె మేలు; ఏమియు తినక పండుకొనుటతో పోల్చినను పెట్టె మేలు. వారమున రెండు మూడు రాత్రులు గతిలేనపుడు తినువానిని మేము తప్పుపట్టము. కాని ఆతడే జాబు చివర వ్రాసిన వాక్యము మా పక్షమున సాక్ష్యము చెప్పుచున్నది: "తిన్న గంటకే ఆకలి వేయును, క్రిందికి దిగి బేకరీలో పఫ్ తిందును." పెట్టె లెక్క అట్టమీద నున్నది, పఫ్ లెక్క ఎవరు వ్రాసిరి? 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ బృందమువారు ఇరువది మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారములు కర్మాగారపు ఆహారమును, రెండు వారములు సాదా వంటను కోరినంత తినుమనిరి. కర్మాగారపు ఆహారము తిన్న దినములలో వారు దినమునకు సుమారు అయిదు వందల కేలరీలు అధికముగ తినిరి. తూకము సుమారు కిలో పెరిగెను. ఆ పరీక్ష డైట్ పెట్టెలమీద చేసినది కాదు, మేమట్లు చెప్పుట లేదు. కాని ఆ తిండిని వారు వడివడిగ మ్రింగిరని అందు తేలినది. మెత్తగ వండి, నీరుగార్చి, చెంచాతో అయిదు నిమిషములలో ముగియు పెట్టెను చూచినపుడెల్ల మాకా పరీక్ష జ్ఞప్తికి వచ్చును.

ఇప్పుడు ఊరి మాట చెప్పవలెను. ఇది పట్నపు జబ్బు, మనకేమి యని క్యాతగానచెర్లువారు తప్పించుకొనలేరు. తిరుమణి, వళ్లూరు, బాలసముద్రము, రాయచెర్లు, క్యాతగానచెర్లు: ఈ యయిదు గ్రామముల పొలములలో సుమారు 13,000 ఎకరములు సౌరవిద్యుత్తు క్షేత్రమునకు కౌలుకు పోయినవి. 2018లో తొలి భాగము ప్రారంభమై, 2019 ముగియునాటికి 2,050 మెగావాట్లకు పెరిగినది. ఎకరమునకు ఏటికి మొదట 21,000 రూపాయల కౌలు, రెండేండ్ల కొకసారి నూటికి అయిదు పెంపు. వాన నమ్ముకొని చెనిక్కాయ వేసి అప్పుల పాలైన రైతునకు అది ఆసరాయే. మేము దానిని చులకన చేయము. భూమి లేని కూలివారికి కౌలును రాలేదు, కలుపుకూలియు పోయినది. అది వేరుగ వ్రాయవలసిన గోడు. ఇక్కడ చెప్పవలసినది వేరొకటి. తెల్లవారక మునుపే లేచి, మడక కట్టి, కలుపు తీసి, చెనిక్కాయ పెరికి, మైళ్లు నడచిన శరీరములు ఇప్పుడు అరుగుమీద కూర్చున్నవి. పని తగ్గినది, పళ్లెము తగ్గలేదు. పైగా పళ్లెమునందలి పదార్థము మారినది. సంగటి కెలికిన కుండలో తెల్లని బియ్యము ఉడుకుచున్నది. ఉలవకట్టు, పులగూర, అనపగింజల చారు వారమున కొకసారి వచ్చు చుట్టములైనవి. సాయంత్రము బస్టాండు బేకరీ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున అధికపు బరువు గల స్త్రీలు 2015–16లో నూటికి 20.6 ఉండగా 2019–21 నాటికి 24 అయిరి, పురుషులు 18.9 నుండి 22.9 అయిరి. ఈ లెక్కలోనివారందరును బెంగుళూరువారు కారు.

ఇక్కడ మా మిత్రులు కొందరు చేయు పొరపాటును కూడ చెప్పక తప్పదు. 2023 సంవత్సరమును ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించిన నాటినుండి, సంగటి తిన్నంతనే ఒళ్లు కరగునని ఉపన్యసించువారు బయలుదేరిరి. అబద్ధము. నూరు గ్రాముల రాగులలో 320 కేలరీలు. అంతే తూకపు తెల్లబియ్యములో 356. భేదము స్వల్పము. రాగుల ఘనత వేరొకచోట నున్నది: పీచుపదార్థము రాగులలో 11 గ్రాములు, బియ్యమున మూడు గ్రాములకు లోపు, కాల్షియము రాగులలో 364 మిల్లీగ్రాములు, బియ్యమున పదికి లోపు. పీచువలన కడుపు నిండిన తెలివి త్వరగ కలుగును, చాలసేపు నిలుచును. అంతవరకు నిజము. కాని మడక దున్నిన తాత తిన్నంత ముద్దను, ఫలకముల నీడలో కూర్చున్న మనుమడు తిన్నచో, అది రాగిముద్ద యైనను ఒళ్లే పెంచును. మధుమేహము గలవారు కూడ 'రాగులే గదా' యని రెండు ముద్దలు లాగించి రక్తపరీక్ష ఫలితము చూచి విస్తుపోవుచున్నారు. ముద్ద సగము చేసి, ఆ చోటున పులగూరయు, ఉలవకట్టును, గింజలును పెంచుకొనవలెను. కూరగాయలును, ఆకుకూరలును, పండ్లును పళ్లెమున సగము నిండవలెనని హైదరాబాదువారి మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఆ పని చేయుటకు ఏ పెట్టెయు కొననక్కరలేదు. మన అవ్వలకు తెలియని వంట అందులో నొకటియు లేదు.

ఖర్చు మాటయు చూతము. పెట్టె వెల 250 రూపాయలని యనుకొందము. దినమునకు రెండు, ఏటికి 1,82,500 రూపాయలు. మొదటి రేటున లెక్కించిన, ఎనిమిదెకరములకు పైగా భూమి ఏడాది పొడుగున ఎండలో గాజుపలకలు మోసి తెచ్చిన కౌలు అది. నలుగురు మనుష్యులు తిను ఉలవలు, రాగులు, ఆకుకూరలు ఆ సొమ్ములో ఎన్నవ వంతునకు వచ్చునో ఏ సంతకు పోయినను తెలియును. ఇంతయు చేసి ఆ పెట్టె ఊరిదాక వచ్చునప్పటికి పెట్టెగ నుండునా? గంటల తరబడి బస్సు ప్రయాణములో కరగును. ఇంటి ఫ్రిజ్జులో మరల గడ్డకట్టింతురు. కరెంటు పోవును, మరల కరగును. కరగి వెచ్చబడి, మరల గడ్డకట్టిన యాహారమున క్రిములు చావవు, నిద్రించి లేచును. ఒళ్లు తగ్గించుకొనబోయి విరేచనములతో తగ్గుట మన యుద్దేశ్యము కాదు గదా.

వీటన్నిటికి మూలమైన మాటను చివరకు మిగిల్చితిమి. 'పిల్ల కొంచెము లావు' అన్నవారు ఎవరు? కాఫీ త్రాగి, రెండవసారి వడ్డించిన మిక్చరును తిని, నడుముపై చేతులు వేసికొని లేచిన పెద్దమనుష్యులు. వరుని నడుము కొలిచినవారు ఎవరైన నున్నారా? మన దేశపు పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 మించరాదని వైద్యులు చెప్పుదురు. సంబంధములకు పోవునపుడు జాతకముతోపాటు ఒక కొలతపట్టీని కూడ తీసికొనిపొండు. ముందుగ మీ నడుమునకే చుట్టుకొనుడు. ఆడపిల్ల ఆరోగ్యము కొరకు తగ్గవలసియుండిన, ఏడాది వ్యవధిలో, కడుపు మాడ్చుకొనక, నడచి, వండి తిని తగ్గనిండు. ముహూర్తమునకు నాలుగు మాసములలో తగ్గి రమ్మనుట పిల్లను కోరుట కాదు, బొమ్మను కోరుట. ఈ మాట వ్రాసినందుకు మాకు రెండు చందాలు తగ్గునని తెలియును. తగ్గనిండు.

లేబుళ్ల విషయమున మన కోరిక స్పష్టము. ఏ రాష్ట్రమున అమ్ముదురో ఆ రాష్ట్రపు భాషలోను, తెలుగువారు అధికముగ నున్న తాలూకాలలో తెలుగులోను, ఉప్పు, చక్కెర, కొవ్వు వివరములను కంటికానునట్లు అచ్చువేయవలెను. చిలీ దేశమున 2016 నుండి ఇవి హద్దుమీరిన పొట్లములపై నల్లని అష్టకోణపు ముద్ర వేయుట చట్టమైనది. చదువురానివానికిని అది అర్థమగును. మన దేశమున 2022లో నక్షత్రముల గుర్తును ప్రతిపాదించిరి. నక్షత్రము మెచ్చుకోలు గుర్తు. హెచ్చరిక గుర్తు కాదు. ఈ సంగతిని వివరించు వినతిపత్రము సిద్ధమగుచున్నది. సంతకము చేయదలచినవారు తెలుపవలెను.

ఆ పిల్ల బెంగుళూరునకు తిరిగిపోయినది. తినక మిగిలిన ఏడు పెట్టెలను అవ్వ పెరటిలో గుంట తీయించి పూడ్పించెనట. రాత్రి కుక్కలు త్రవ్వి మూడింటిని లాగినవట. ఖాళీ అట్టలను మాత్రము మేము అడిగి తెచ్చుకొంటిమి. వచ్చు ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు సంఘపు గదిలో ఆ యట్టలను ఎదుట నుంచుకొని, సోడియమును ఉప్పుగ మార్చు లెక్కయు, ఒక వడ్డనకును మొత్తము పొట్లమునకును గల భేదమును తెలుగున వివరింతుము. బిస్కట్లు, సేమ్యా, పిల్లల పాలపొడి, ఏ పొట్లమైనను తేవచ్చును. పెద్దవారు కండ్లద్దములు మరువక తేవలెను.